విద్యుత్ కారుకు పాత డ్రైవ్ షాఫ్టు కొనుట



విద్యుచ్ఛక్తితో నడచు కార్లు నేడు మన పల్లెలకు సైతము వచ్చినవి. అట్టి కారునకు డ్రైవ్ షాఫ్టు చెడినచో, పాతసామానుల అంగడిలో దానికి జోడైన దానిని ఎట్లు ఎన్నుకొనవలెనో మనవి చేయుదును. ధర తక్కువ యని తొందరపడినచో పోవునది రూపాయలు మాత్రమే కాదు. బండిలో కూర్చుండువారి క్షేమము దానిపై నాధారపడియున్నది.

మన యెడ్లబండికి ఇరుసు కదలక నిలిచియుండును; చక్రము దానిచుట్టు తిరుగును. కారులో క్రమము వేరు. ఇచట షాఫ్టే తిరిగి చక్రమును త్రిప్పును. ముందు చక్రములతో నడచు కారులో ఎడమకొకటి, కుడికొకటి యుండును. వాని పొడవులు పలుమారు సమానముగా నుండవు. చక్రము గతుకులలో ఎగిరిపడినను, మలుపులలో ప్రక్కకు తిరిగినను ఒకే వేగముతో త్రిప్పుటకై కొసలయందు కీళ్లుండును. వెలుపలి కీలులో ఉక్కు గుండ్లు ఆడుచుండును. ఈ తరహా కీలును 1926లో ఆల్ఫ్రెడ్ ర్జెప్పా యను ఇంజనీరు కల్పించెను.

విద్యుత్ కారులో షాఫ్టునకు శ్రమ యెక్కువ. మోటారు నిలిచిన చోటినుండియే నిండు బలముతో లాగును. త్రొక్కుడుమీదినుండి కాలు తీసినప్పుడు ఆ మోటారే విద్యుత్తును పుట్టించుచు బండిని నెమ్మదింపజేయును. అప్పుడు ఒత్తిడి ఎదురుదిక్కునకు మారును. ఒక షాఫ్టు విరిగెనా, సాధారణముగా బండి ముందునకు సాగదు. మోటారువలన గలుగు నిలుపుదలయు పోవును. ఇక కాలిబ్రేకే దిక్కు.

కావున పేరు చూచి కొనరాదు. టాటావారి నెక్సాన్ ఈవీ కారునే దృష్టాంతముగా గొందము. 2020 జనవరిలో వచ్చిన దాని మోటారు బిగువు 245 న్యూటన్ మీటర్లు. 2022లో వచ్చిన మ్యాక్స్ అను రకమునకు 250. 2023లో బండి రూపు మరల మారినది. నెక్సాన్ పేరుతోనే పెట్రోలు కారును గలదు. దాని గేరుపెట్టె వేరు. “అన్నియు నొక్కటే” యను వర్తకుని మాటను ఎట్లు నమ్మగలము?

మొదట మీ బండి చాసిస్ నంబరును కంపెనీ సామానుల విభాగమువారికి తెలిపి, పార్టు నంబరు వ్రాసికొనుడు. అది ఎడమదో కుడిదో స్పష్టముగా నడుగుడు. పిదప విప్పిన షాఫ్టును వెంటగొని విజయవాడ ఆటోనగరునకో, మరియొక అంగడికో పొండు. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి పొడవు కొలువుడు. రెండు కొసల పళ్లను లెక్కింపుడు. ఆయిల్ సీలు కూర్చుండు చోట లావును, కొస నట్టు మరను, చక్రవేగమును కొలుచు వలయమున్నచో దానిని సరిచూడుడు. ఒక్క పన్ను భేదించినను అది మీది కాదు.

తరువాత కీలును చేతితో అన్నివైపులకు వంచి త్రిప్పుడు. పట్టినను, కటకటలాడినను, వదులుగా నున్నను విడిచిపెట్టుడు. రబ్బరు బూటు చిరిగి గ్రీజు కారినచో దుమ్ము లోనికి జొరబడి గుండ్లను తినివేయును. పళ్లపై తుప్పు దట్టముగా నున్నచో నీట మునిగిన బండిదేమో యని శంకింపవలెను. ఏ బండినుండి తీసిరి, ఆ బండికి ఏ ప్రక్క దెబ్బ తగిలెను అని యడుగుడు. దాని చాసిస్ నంబరుతో రసీదు పుచ్చుకొనుడు. దొంగసొత్తు కొన్న చిక్కు తప్పును. బండ్లను తుక్కుచేయు కేంద్రములకు కేంద్రప్రభుత్వము 2021లో నియమము లేర్పరచినది. అట్టి నమోదైన కేంద్రపు సామాను మేలు.

బిగించునప్పుడు కొస నట్టు, ఆయిల్ సీలు, లోపలి రింగు క్రొత్తవే వేయింపుడు. నారింజరంగు తీగెలలో ప్రాణాంతకమైన విద్యుత్తుండును. ఆ విద్య నేర్చిన మేస్త్రీ తప్ప ఇతరులు బండిక్రింద చేయి పెట్టరాదు.

తుద కొక్కమాట. పలుమారు చెడునది బూటు మాత్రమే. కీలు అరగకమునుపే గుర్తించినచో, బూటు మార్చి గ్రీజు నింపిన చాలును, షాఫ్టు కొననక్కరలేదు. కీలు అరిగి, జోడైన పాతది దొరకనిచో క్రొత్తదే కొనుడు. కొంచెము సరిపడిన షాఫ్టు అనునది లేదు. సరిపడినది, సరిపడనిది అని రెండే గలవు.