మా పిల్ల బి. యస్సీ. చదువుతున్నది
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)

పిల్లల చదువులను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. విద్య గొప్పతనాన్ని గురించి ఉపన్యసించడము మా శక్తికి మించిన పని. మా ఇంట జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాము.

మా తమ్ముని కూతురు ప్లస్ టూలో జీవశాస్త్రము తీసుకున్నది. తీసుకున్ననాటి నుండే ఇంటిల్లిపాదీ ఆమెను డాక్టరమ్మా అని పిలవడము మొదలుపెట్టాము. నీట్ పరీక్ష రెండుసార్లు వ్రాసింది. సీటు రాలేదు. మూడవసారి వ్రాయనని చెప్పి, ఇక్కడే కోయంబత్తూరులో ఒక కాలేజీలో బోటనీ మెయినుగా బి. యస్సీ.లో చేరింది. చేరిన రెండు నెలలకు ఒక పెళ్లిలో బంధువులు, "అమ్మాయి ఏమి చదువుతున్నది?" అని అడిగారు. "మళ్లీ పరీక్షకు తయారవుతున్నది" అన్నాము. ఆ పిల్ల మా వెనుకనే మంచినీళ్ల చెంబు పట్టుకొని నిలబడి ఉన్నది. విన్నది. అప్పుడేమీ అనలేదు. ఇంటికి వచ్చిన తరువాతా ఏమీ అనలేదు. రెండు మాటలు అని ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

ఇటువంటి అబద్ధము ఆడినవారము మేమొక్కరమే కాదనుకుంటాము. 2024లో ఆ పరీక్ష వ్రాసినవారు 23 లక్షల పైచిలుకు. దేశములో అప్పటి ఎం. బి. బి. ఎస్. సీట్లు లక్ష దాటి కొన్ని వేలు. ఇరవైమంది పిల్లలు కూర్చుంటే ఒక్కరికి సీటు వస్తుంది. మిగిలిన పందొమ్మిదిమంది ఎంత రాత్రి మేలుకొని చదివినా రాదు. ఈ లెక్కకు పెద్ద గణితము అక్కరలేదు. అయినా ఆ పందొమ్మిదిమందినీ చెడిపోయిన బిడ్డలవలె చూస్తున్నాము. వారు చేరే బి. యస్సీ.ని, బండి తప్పినవాడు రాత్రికి తలదాచుకునే సత్రము అనుకుంటున్నాము.

ఆ సత్రములో ఏమున్నదో పోయిన ఉగాదినాడు మాకు కొంచెము తెలిసింది. పచ్చడికి వేపపువ్వు ఏరుతూ ఉంటే ఆ పిల్ల ఒక పువ్వు తీసి, సూదితో విప్పి, అరచేతిలో పెట్టి చూపింది. ఐదు రెక్కలు. మధ్యలో తెల్లని చిన్న గొట్టము. అది పది కేసరాలు ఒకదానికొకటి అతుక్కొని ఏర్పడిందట. మామిడిపూతలో కొన్ని పువ్వులు మగవి, కొన్ని రెండూ అయినవి. పువ్వుకు సాధారణముగా ఒక్క కేసరమే పుప్పొడి ఇస్తుంది. చింతపువ్వుకు మూడు. అరవై ఏళ్లుగా పచ్చడి చేస్తున్న మా అమ్మ కళ్లద్దాలు తెమ్మన్నది.

ఇంతకూ అక్కడ వారు చేసే పని బట్టీ పట్టడము కాదు. ఉల్లిగడ్డను నీటికి ఆనించి నాలుగు రోజులు ఉంచుతారు. వేళ్లు దిగుతాయి. ఆ వేరుకొసను కోసి, ఆమ్లములో మెత్తబరచి, ఎర్రని రంగు పట్టించి, గాజుపలకల మధ్య బొటనవేలితో నొక్కి మైక్రోస్కోపు క్రింద పెడతారు. జీవకణము రెండుగా చీలుతూ ఉండగా దానిలోని క్రోమోసోములు కనబడాలి. ఉల్లికి పదహారు. మా పిల్లకు మొదటి పదిసార్లు ఏమీ కనబడలేదట. పదకొండవసారి కనబడిందని ఇంటికి పరుగున వచ్చి చెప్పింది. నీట్ చదువుకున్న రెండేళ్లలో ఒక్కరోజు కూడా ఆ పిల్ల అట్లా పరుగెత్తి రాలేదు. కప్పలను కోయవలెనేమో అని భయపడే తల్లులకొక మాట: జువాలజీ తరగతులలో జంతువులను కోయించడము మానవలెనని 2014లోనే యూనివర్సిటీ గ్రాంట్సు కమిషనువారు చెప్పారు.

పేర్ల విషయములో మాత్రము కష్టమున్నది. మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో తమిళము, తరగతిలో ఇంగ్లీషు, పుస్తకములో లాటిను. అయితే ఆ శాస్త్రనామాలు మనకు అంత పరాయివేమీ కావు. విలియం రాక్స్‌బరో అనే వైద్యుడు 1793లో కలకత్తా తోటకు వెళ్లకముందు సామర్లకోటలో ఉండి కోస్తా మొక్కలను పరిశీలించాడు. వాటి తెలుగు పేర్లు అడిగి వ్రాసుకున్నాడు. సోయ్మిడా అని నేడు ప్రపంచమంతా వ్రాసే పేరు మన సోమిద చెట్టుదే. ఇది తెలిసిన తరువాత మా పిల్ల నాయనమ్మను పట్టుకొని చెట్ల పేర్లు అడుగుతున్నది. ఆవిడ చెప్పిన పేర్లతో ఒక నోటుపుస్తకము సగము నిండింది.

పచ్చడిలోని బెల్లానికి వస్తే, దాని కథ మన ఊరిదే. 1912లో ఇక్కడ చెరకు పరిశోధనాలయము పెట్టారు. బార్బరుగారు, వెంకటరామన్‌గారు తియ్యని లావు చెరకును ఏటిగట్టున పెరిగే రెల్లుతో సంకరము చేశారు. రెల్లులో తీపి లేదు. చలికీ ఎండకూ ఓర్చుకునే మొండితనము ఉన్నది. అట్లా పుట్టిన కో 205 రకము 1918లో ఉత్తరదేశపు పొలాలకు వెళ్లింది. ఆ "కో" మన కోయంబత్తూరే. ఆ పరిశోధనాలయములోనే తరువాత జానకి అమ్మాళ్ పని చేశారు. ఆవిడ 1921లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బోటనీ ఆనర్సు చదివినవారు. ఏ వైద్యపు సీటూ తప్పిపోయి చదవలేదు.

డాక్టరు చేతిలోని మందు ఎక్కడినుండి వస్తుందో కూడా చెప్పాలి. మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోని తెలుగు సభ లేదు. ఆయన అమెరికాలో లెడర్లీ పరిశోధనలకు అధిపతిగా ఉన్న కాలములో అక్కడ ఆరియోమైసిన్ బయటపడింది. 1948లో లోకానికి తెలిసింది. పొలపు మట్టిలో ఆ సూక్ష్మజీవిని కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గర్. ఆయన వైద్యుడు కాదు. విశ్వవిద్యాలయములో ఉద్యోగ విరమణ చేసి, డెబ్బది దాటిన వయస్సులో మట్టి పరీక్షిస్తూ కూర్చున్న వృక్షశాస్త్రజ్ఞుడు.

బ్రతుకుతెరువు మాట దాచకుండా చెబుతాము. మూడేళ్ల బి. యస్సీ. ఒక్కదానితో పెద్ద జీతము రాదు. ఐదేళ్లకు సిద్ధపడి చేర్పించండి. చేరేటప్పుడే ఆ లెక్క వేసుకోండి. బి. ఎడ్. చేసి బడిలో పాఠము చెప్పవచ్చును. ఐ. ఐ. టి.లవారి జామ్ పరీక్ష వ్రాస్తే మంచి చోట్ల ఎం. యస్సీ. దొరుకుతుంది. ఆ తరువాత జాతీయ పరీక్షలో నెగ్గి పరిశోధనకు చేరినవారికి నెలకు 37,000 రూపాయలు ఇచ్చేటట్లు 2023లో పెంచారు. పెళ్లిసంబంధాలవారు అడిగితే ఈ అంకె చెప్పవచ్చును, కొంచెము నిదానముగా వింటారు.

ఆ పెళ్లిలో మమ్మల్ని అడిగిన బంధువులు ఈ సభలోనే మూడవ వరుసలో ఉన్నారు. వారికి ఇప్పుడు జవాబు చెబుతున్నాము: మా పిల్ల బోటనీ బి. యస్సీ. రెండవ సంవత్సరము చదువుతున్నది. కాలేజీలో అడిగి తెచ్చుకున్న మైక్రోస్కోపు ఆ మూల బల్లమీద పెట్టుకొని కూర్చున్నది. వేపపువ్వూ ఉన్నది, ఉల్లివేరూ ఉన్నది. భోజనాలకు లేచేముందు వచ్చి చూడండి. పిల్లలను ముందు రానివ్వండి.