మెడ, మేడ ఒకటి కారాదు



మా నానమ్మ నేటికీ చాందా అని పిలిచే చంద్రపూర్‌లో నేను మరాఠీ మాధ్యమంలో పదవ తరగతి చదువుతున్నాను. బొగ్గుగని పనికోసం కరీంనగర్ ప్రాంతం నుండి వచ్చిన కుటుంబం మాది. ఇంట తెలుగు, బడిలో మరాఠీ. రెండూ నాకు ప్రియమైనవే.

నానమ్మ చెప్పే సామెతలను, పొడుపుకథలను సేకరించడం నాకెంతో ఇష్టం. మొదట వాటిని మరాఠీ లిపిలో రాసుకొనేవాణ్ణి. బడిలో నేర్చిన ఆ లిపిలో ఎ, ఏలకు ఒకే అక్షరం. ఒ, ఓలకూ అంతే. మెడ, మేడ ఒకటైపోయాయి. దొర, దోర కలిసిపోయాయి. నానమ్మ పలుకు చెడకుండా నిలవాలంటే తెలుగు అక్షరాలే కావాలని అప్పుడు తెలిసింది. ఒక వేసవి సెలవుల్లో వాటిని నేర్చుకున్నాను.

అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని, 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతున్నది. మా వీధి పిల్లలకు ఆ వసతి ఇంకా అందలేదు.

ఉపాధ్యాయుణ్ణి కావాలన్నది నా ఆశ. పగలు మరాఠీలో గణితం చెబుతాను. సాయంత్రం తెలుగు అక్షరాలు దిద్దిస్తాను. అంతవరకు వేచి ఉండనక్కరలేదు. మీ ఇంటి పెద్దల మాటలను మీ పిల్లలచేత నేడే రాయించండి, తెలుగు అక్షరాలలోనే.