గంబెల్ గీతకు అందని వాన



నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ స్మృతిలో మాట్లాడమని నన్ను పిలిచారు. ఇంజినీరుగా ఆయన కట్టించిన, 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఘనత ఈ బాన్సువాడలో నేను చెప్పనక్కర లేదు. మా ఇంట్లో ఆయన పేరు ఎవరూ ఎత్తగా వినలేదు. కానీ నిజాంసాగర్ కాలువ కింద పండిన చెరుకునే మా నాయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి తోలేవాడు, ఆ పైసలతోనే నా ఫీజులు కట్టాడు. నా నివాళి అంతే. మిగిలిన సమయాన్ని ఆయన వృత్తికి సంబంధించిన ఒక్క ప్రశ్నకే వాడుకుంటాను: ఆనకట్ట కట్టేవాడు ఎంత వానకు సిద్ధపడాలి?

ఒక్కో ఏడాదిలో కురిసిన అతిపెద్ద ఒకరోజు వానను తీసుకుని వరుసగా రాసుకుంటాం. అలాంటి గరిష్ఠాలు మూడు రకాల విభాజనాలలో ఏదో ఒకదానికి చేరతాయని ఫిషర్, టిప్పెట్ 1928లో చూపారు. గ్నెడెంకో 1943లో దాన్ని గట్టిపరిచాడు. జెంకిన్సన్ 1955లో మూడింటినీ ఒకే సూత్రంలోకి తెచ్చాడు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉంది, వదిలేస్తాను.

నా పేచీ ఆ సూత్రంలోని ఆకార పరామితితో. అది సున్నా అయితే గంబెల్ విభాజనం, దాని తోక, అంటే చాలా పెద్ద వానల వైపు కొస, త్వరగా సన్నబడుతుంది. సున్నా కంటే ఎక్కువైతే ఫ్రెషే విభాజనం, తోక లావుగా చాలా దూరం సాగుతుంది. మన ఇంజినీరింగ్ తరగతుల్లో అలవాటుగా గంబెల్‌నే చెబుతాం. ఇది తప్పని నేను చాలాకాలంగా వాదిస్తున్నాను.

ఒక ఊహా ఉదాహరణ చూడండి. ఒక కేంద్రంలో వార్షిక గరిష్ఠాల సగటు 110 మి.మీ., ప్రామాణిక విచలనం 40 అనుకుందాం. గంబెల్ ప్రకారం అక్కడ ఒక్కరోజులో 400 మి.మీ. వాన సుమారు 19,000 ఏళ్లకోసారి రావాలి. సగటునూ విచలనాన్నీ కదపకుండా ఆకార పరామితిని 0.15 చేయండి. అదే వాన సుమారు 1,200 ఏళ్లకోసారి వస్తుంది. మామూలు వానల దగ్గర రెండు గీతలూ దాదాపు కలిసే నడుస్తాయి కాబట్టి ముప్పై ఏళ్ల లెక్కలతో ఈ తేడా కనిపెట్టలేం. తోక దగ్గర మాత్రం ఆ తేడా ఊళ్లు ముంచుతుంది.

దీనికి మూడు అభ్యంతరాలు వింటూ వచ్చాను.

లావుతోక తక్కువ ఏళ్ల లెక్కల వల్ల పుట్టిన భ్రమ అంటారు మొదటిది. నిజం దానికి తలకిందులు. జలశాస్త్రవేత్త కౌట్సోయానిస్ 2004లోనే, చిన్న శ్రేణులు లావుతోకను దాచేసి గంబెల్‌లా కనిపిస్తాయని హెచ్చరించాడు. పాపలెక్సియోతో కలిసి 2013లో ప్రపంచమంతటా 15,000కు పైగా రోజువారీ వాన శ్రేణులను పరిశీలించాడు. శ్రేణి పొడవు పెరిగేకొద్దీ ఆకార పరామితి ధనాత్మకం వైపే నిలదొక్కుకుంది. దీనికి సరైన జవాబు నాకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

రెండోది, ఇదంతా వాతావరణ మార్పే అని. మార్పు నిజమే. మధ్య భారతంలో విస్తృత అతివృష్టి ఘటనలు 1950–2015 మధ్య మూడు రెట్లయ్యాయని రాక్సీ బృందం 2017లో చూపింది. కానీ ఒక డిగ్రీ వేడెక్కితే గాలి పట్టగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. మన ఉదాహరణలో గంబెల్ చెప్పే వందేళ్ల వాన 235 మి.మీ. దాన్ని 7 శాతం పెంచినా 250 దగ్గరే ఆగుతుంది, 400 కాదు. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచినప్పుడు శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు కురిసింది. అప్పటి వానకు ఈ కారణం చెప్పగలమా?

మూడోది, కొలిచే యంత్రాలు పెరిగాయి కాబట్టి పెద్ద అంకెలు దొరుకుతున్నాయని. ఒప్పుకుంటాను. ఇప్పుడు తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలక కేంద్రాలున్నాయి. అయితే ఆ వాన ఇంతకుముందూ కురిసింది, పట్టే పాత్ర లేదంతే. అలాంటప్పుడు మన పాత అంచనా ఇంకా తక్కువదన్నమాట. నమోదైన అంకెలే చూడండి: వాజేడులో 2013 జులై 19న 517.5 మి.మీ. నమోదైంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. కురిసింది. రాష్ట్ర ఒకరోజు వాన రికార్డు ఒక్క ఊపులో 132 మి.మీ. పెరిగింది. సన్నతోక విభాజనాల్లో రికార్డులు కొద్దికొద్దిగా జరుగుతాయి, ఇంతింత గంతులు లావుతోక లక్షణం. అలాంటి అంకెను అసాధారణమని పక్కన పెట్టి మిగతావాటికి గీత గీయడం నేను ఎప్పటికీ ఒప్పుకోను. ఆనకట్టను పరీక్షించేది ఆ పక్కన పెట్టిన అంకే.

2025 ఆగస్టు 27, 28 తేదీలు మీకు గుర్తుండే ఉంటాయి. రాజంపేట మండలం అర్గొండలో 24 గంటల్లో 40 సెం.మీ. దాటింది. 1922 నాటి పోచారం ఆనకట్ట మీదుగా నీళ్లు దుంకుతుంటే జిల్లా అంతా ఊపిరి బిగబట్టింది. అది నిలబడింది. ప్రతి చెరువుకట్టా అలా నిలబడుతుందని నమ్మి కూర్చోలేం.

మరి తోకను ఎలా అంచనా వేయాలి? ఒక్క కేంద్రం లెక్కలతో ఆకార పరామితి తేలదు. హోస్కింగ్, వాలిస్ 1997 పుస్తకంలో చెప్పినట్టు, స్వభావం కలిసే కేంద్రాలను గుంపుగా చేర్చి తోకను ఉమ్మడిగా అంచనా వేయాలి. మంజీర పరివాహకానికి నేనిప్పుడు ఆ పనే చేస్తున్నాను. దానికి నాకు కావలసింది పాత తహసీళ్లలో చేతితో రాసిన వాన రిజిస్టర్లు. ఉర్దూలో ఉన్నా, అంగుళాల్లో ఉన్నా, చెదలు సగం తిన్నా సరే.

రెవెన్యూ, నీటిపారుదల శాఖల్లో పనిచేసి విరమించినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. పటేల్, పట్వారీల కుటుంబాలవారూ ఉన్నారు. మీ అటకల మీద అలాంటి పుస్తకం ఉంటే తూకానికి వేయకండి. ఒక్కసారి ఫొటో తీసుకోనివ్వండి. పుస్తకం మళ్లీ మీ చేతికే ఇస్తాను.