దూరదేశమున నిదురించు ధనము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



లెక్కలు వ్రాయువానికి కావ్యప్రసంగ మెందుకని కాబోలు, విదేశపు బ్యాంకులో ఏండ్లతరబడి పడియున్న సొమ్మును ఇంటికి తెచ్చుకొను మార్గమును గూర్చి చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. అయినను కావ్యములను బొత్తిగా విడువజాలను. శ్రీనాథుడు హరవిలాసమును అంకిత మిచ్చినది అవచి తిప్పయసెట్టి యను సముద్రవర్తకునకే గదా! అంతకు ఎంతో మునుపు, 1244 ప్రాంతమున, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. గాలివానకు చిక్కి ఓడ యొడ్డునకు కొట్టుకొనివచ్చినచో అందలి సరుకంతయు పూర్వరాజులు బలిమిని లాగుకొనెడివారు. ఈయన మాత్రము నియమితమైన సుంకమును గొని, తక్కినది వర్తకునకే విడిచెను. దిక్కులేక యొడ్డున పడినంతమాత్రమున సొమ్మునకు సొంతదారు లేకపోడు. నేను చెప్పబోవు ఇంగ్లండు చట్టమునకును ఇదియే ప్రాణము.

1960, 70 దశకములలో తెలుగు వైద్యులు పలువురు ఇంగ్లండు ఆసుపత్రులలో పనిచేసిరి. కొందరు తిరిగివచ్చిరి గాని అక్కడి ఖాతాలు మూయలేదు. అట్టి వైద్యుని భార్య యొకరు నిరుడు పెట్టె యడుగున దొరికిన పాసుబుక్కుతో నాయొద్దకు వచ్చినారు. "ఆయనే పోయారు, ఆ డబ్బు ఇంకా ఉంటుందా బాబూ? ఆ బ్యాంకు పేరు కూడా మారిందట" అని యడిగిరి. మనుమరాలి చదువు ఆ సొమ్ముమీదనే ఆధారపడియున్నది. అప్పటికే ఒక దళారి, ముందుగా యాబదివేలిచ్చినచో తానే తెప్పించెదనని చెప్పి పోయినాడట!

సొమ్ము పోదు. 2008 నాటి అక్కడి చట్టము ననుసరించి, పదునైదేండ్లు కదలిక లేని ఖాతాలోని ధనమును బ్యాంకులు ఒక ప్రత్యేకనిధికి పంపవచ్చును. అది లోకోపకార కార్యములకు వినియోగపడును. కాని ఖాతాదారుని హక్కుగాని వారసుల హక్కుగాని చెడదు. ఎన్నడడిగినను తిరిగి యీయవలసినదే. బ్యాంకు మరియొకదానిలో కలిసిపోయినను వెదకిపెట్టుటకు 'మై లాస్ట్ అకౌంట్' అను ఉచితసేవ యున్నది. దళారితో పనియేమి?

మరణధ్రువపత్రము, వీలునామా, వారసురాలి గుర్తింపు పత్రములు అడుగుదురు. చిన్న మొత్తమైనచో బ్యాంకే యిచ్చును. పెద్దదైనచో అక్కడి న్యాయస్థానమునుండి ప్రొబేటు కావలెను. ఈ హద్దు బ్యాంకు బ్యాంకునకు వేరు. అన్నిటికన్న చిక్కు పేరు! మనకు ఇంటిపేరు ముందు, వారికి చివర. అక్షరము తేడా వచ్చినను కాగితము వెనుకకు వచ్చును.

సొమ్మును ఆమె సొంత ఖాతాకే రప్పించవలెను. మన బ్యాంకు స్విఫ్ట్ సంకేతమును అడిగి తీసుకొనుడు. చిన్న శాఖలకు అది వేరుగా ఉండకపోవచ్చును. పౌనునకు ఎన్ని రూపాయలు కట్టెదరో ముందే యడుగుడు. పత్రికలో చూచిన ధర వేరు, చేతికి వచ్చు ధర వేరు. మన దేశమున ఎస్టేట్ డ్యూటీ 1985లో రద్దయినది. వారసత్వముగా వచ్చిన యసలు ఆదాయము కాదు; తరువాత వచ్చు వడ్డీ మాత్రము ఆదాయమే.

కొందరు హవాలా త్రోవ చెప్పుదురు. పూర్వపు వర్తకుల హుండీ గౌరవమైన పత్రము. నేటి హవాలా చట్టవిరుద్ధము. న్యాయమైన సొమ్మును దొంగత్రోవను తెచ్చుకొను ఖర్మ మనకేల?

ఆ తల్లి యుత్తరమునకు గతమాసమున జవాబు వచ్చినది. ఖాతా యున్నదట, మరణపత్రపు ప్రతిని పంపుమనిరి, పంపితిమి. ఇట్టి పాసుబుక్కు లింకెవరి యింటనైన నున్నచో, సాయంకాలము పఠనమందిరమునకు తీసుకొనిరండు. ఉత్తరము వ్రాసిపెట్టెదను.