బైతుల్‌మాల్ తాళంచెవి ఎవరి దగ్గర?



పోతిరెడ్డిపల్లిలో వసూలైన చందా హైదరాబాదు ఆఫీసుకు ఎందుకు పోవాలని మనలో కొందరు అడుగుతున్నారు. అడగదగిన మాటే. ప్రవక్త (స.అ.స.) హజ్రత్ ముఆజ్‌ను యమన్‌కు పంపినప్పుడు అక్కడి ధనికుల జకాత్ అక్కడి పేదలకే చేర్చమన్నారు. వక్ఫ్ చట్టం కూడా బోర్డుకు పోయే వాటాకు హద్దు పెట్టింది. 1995లో నికర ఆదాయంలో 7 శాతం మించరాదన్నారు, 2025 సవరణతో అది 5కు దిగింది.

అయితే ఒక చిక్కుంది. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. చాలామంది బీహారు, యూపీ, ఒడిశాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారే. అటువంటివారు ఏ మొహల్లా వారు? మన రంజాన్ లిస్టుల్లో అద్దెగదుల కూలీల పేర్లు ఎన్ని ఉంటాయి, చెప్పండి? అంతటి ఆపద ఒక్క బస్తీ మోయలేదు. పట్నం సంతకం కోసం కూర్చుంటే కఫన్ ఆగదు.

కాబట్టి మేము అడిగేది ఇది. జకాత్, ఫిత్రా ఇక్కడే ఖర్చు కావాలి, కూలీలతో కలిపి. మిగతా చందాలో రూపాయికి పది పైసలు కేంద్ర నిధికి. ఆపద వేళ మన ఖజాంచీ అడగకుండా ఖర్చు పెట్టి, రశీదులు తరువాత పంపాలి. కేంద్రమూ తన లెక్క మనకు పంపాలి, ఏటా, షాబాన్ లోపల.