హయలురోనాన్: గొలుసు పొడవే గుణం



వైద్యులూ, జీవశాస్త్రజ్ఞులూ, తెలుగులో విజ్ఞానం రాసేవారూ నెల్లూరులో ఒకచోట కూర్చున్న ఈ సదస్సుకు హయలురోనాన్ తగిన విషయం. మందుల షాపులో, ముఖానికి రాసుకునే సీరం సీసాల మీద హయలురోనిక్ యాసిడ్ పేరుతో కనిపించేది ఇదే. నిర్మాణం చాలా సాదా. గ్లూకురోనిక్ ఆమ్లం, ఎన్-అసిటైల్ గ్లూకోసమైన్ అనే రెండు చక్కెరలు ఒకదాని వెంట ఒకటి వేలసార్లు వరస తిరిగిన గొలుసు. దాని మంచీ చెడూ చాలావరకు ఆ గొలుసు పొడవులోనే ఉన్నాయి. ఈ ఉపన్యాసం చెప్పదలచింది అదే.

1934లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ పశువుల కంటి లోపలి జిగురు నుంచి దీన్ని వేరుచేశారు. 70 కిలోల మనిషి ఒంట్లో ఇది సుమారు 15 గ్రాములు ఉంటుంది. అందులో సగానికి పైగా చర్మంలోనే. రోజుకు మూడో వంతు విరిగిపోతుంది, ఆ మేరకు కొత్తది పుడుతుంది. కణం దీన్ని లోపల తయారుచేసి దాచుకోదు. పైపొర దగ్గరే అల్లుతూ, అల్లినంత మేరా బయటికి తోసేస్తుంది. ఈ పని చేసే ఎంజైముల్లో హాస్-2 ముఖ్యమైనది. దాని జన్యువును తీసేసిన ఎలుక పిండాల్లో గుండె సరిగా ఏర్పడలేదు, అవి కడుపులోనే చనిపోయాయి.

పొడవాటి గొలుసు నీటిని పట్టి ఉంచుతుంది, కీళ్ల రాపిడిని తగ్గిస్తుంది, రోగనిరోధక కణాలను శాంతపరుస్తుంది. అదే గొలుసు ముక్కలైతే ఒంటికి గాయం కబురు అందుతుంది, వాపు మొదలవుతుంది. ఆఫ్రికాలోని బొచ్చులేని కన్నపు ఎలుకకు క్యాన్సర్ అరుదు. దాని హయలురోనాన్ గొలుసు మనిషి గొలుసు కంటే అయిదు రెట్లకు పైగా పెద్దదని 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చూపించారు.

ఈ పదార్థం వైద్యంలో తిరుగులేని మేలు చేసింది కంటికే. ఎండ్రే బలాజ్ కోడిపుంజు జుట్టు నుంచి దీన్ని వాపు పుట్టించనంత శుద్ధంగా తీశాడు. 1980 ప్రాంతంలో అది స్వీడన్ నుంచి హీలాన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. శుక్లం ఆపరేషన్లో నల్లగుడ్డు లోపలి వరస కణాలు దెబ్బతింటే మళ్లీ పుట్టవు. ఈ జిగురు వాటికి అడ్డుగా నిలుస్తుంది, కృత్రిమ కటకం పెట్టడానికి చోటు చేస్తుంది. ఖర్చు తగ్గించడానికి మన దేశంలో చాలాచోట్ల మిథైల్ సెల్యులోజ్ జాతి జిగురు వాడతారు. అదీ పనికొస్తుంది. 1987లో హైదరాబాదులో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లెల దాకా కంటి వైద్యాన్ని తీసుకెళ్లింది. ఏ జిగురు ఎవరికి అవసరమో తేల్చే లెక్క అలాంటి చోట్లే తెలియాలి.

మోకాలి సంగతి వేరు.

ఆరోగ్యంగా ఉన్న కీలులోని ద్రవం కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతుంది. కీలు అరిగేకొద్దీ అందులో హయలురోనాన్ పలచబడుతుంది, గొలుసులు పొట్టివవుతాయి. పోయినదాన్ని సూదితో నింపితే నొప్పి తగ్గుతుందని ఆశించడం సహజమే. అమెరికా 1997లో ఈ ఇంజెక్షన్లకు అనుమతి ఇచ్చింది. కానీ అనేక పరీక్షలను కలిపి 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన విశ్లేషణలో ఉత్తుత్తి సూదికీ దీనికీ తేడా రోగి గుర్తించలేనంత స్వల్పమని తేలింది. ఇరుగుపొరుగు చెప్పారని మోకాలికి వేలు ఖర్చుపెట్టే కుటుంబానికి ఈ మాట ముందే తెలియాలి.

నెల్లూరు పొలాల్లో ఈ గొలుసును తెంపేది పాము. నాగుపాము, రక్తపింజరి విషాల్లో హయలురోనిడేజ్ అనే ఎంజైము ఉంది. కణాల మధ్య ఉన్న జిగురును అది కరిగిస్తే విషానికి దారి దొరుకుతుంది. దీన్ని అడ్డుకునే పదార్థాల మీద మైసూరు విశ్వవిద్యాలయంలో పరిశోధన జరిగింది. పాము విషంలోది కాకపోయినా ఇదే రకం ఎంజైమును శుద్ధిచేసి, కంటి చుట్టూ ఇచ్చే మత్తుమందు బాగా పాకడానికి వైద్యులు కలుపుతారు. ముఖంలో పొంగు కోసం ఎక్కించిన హయలురోనాన్ పొరపాటున రక్తనాళాన్ని మూసేస్తే, దాన్ని కరిగించేదీ ఈ ఎంజైమే. అలా మూసుకుపోవడం వల్ల చూపు పోయిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే ఆ సూది బ్యూటీ పార్లర్లో వేయించుకునేది కాదు.

నెల్లూరు జిల్లా విడవలూరు, ఇందుకూరుపేట తీరంలో పెరిగే రొయ్య పెంకులో కైటిన్ ఉంటుంది. హయలురోనాన్‌లోని రెండు చక్కెరల్లో ఒకటైన ఎన్-అసిటైల్ గ్లూకోసమైనే కైటిన్ గొలుసంతా. పెంకుల నుంచి గ్లూకోసమైన్ తీసి మాత్రలు చేస్తారు. అంతమాత్రాన రొయ్య పెంకులోంచి హయలురోనాన్ వస్తుందని చెప్పడం తప్పు. ఇప్పుడది ఎక్కువగా బాక్టీరియాను పులియబెట్టి తీసేదే. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ కూడా ఒంటి పదార్థంలా కనబడటానికి దీన్నే పైతొడుగుగా కప్పుకుంటుంది. దాని దగ్గరి జాతి నుంచే పరిశ్రమ దీన్ని తీస్తుంది.

ఈ సదస్సు ముగిసేలోగా ఒక పని జరగాలి. రోగి అడగాల్సిన మూడు ప్రశ్నలతో తెలుగులో ఒక కరపత్రం తయారుకావాలి: ఈ మందులో గొలుసు పొడవెంత, ఒంట్లో ఎక్కడికి చేరుతుంది, మేలు చేస్తుందనడానికి ఆధారమేమిటి. వైద్యులు విషయం చూడాలి, రచయితలు భాష చూడాలి. ముందుగా మోకాలి సూది పేజీ సిద్ధమై జిల్లాలోని ఎముకల వైద్యుల ఓపీలకు చేరాలి. కంటివి, ముఖానివి తర్వాత.