జప్తుకు గీసిన గీతలు

ఎవరి స్మృతిలో మనం ఇక్కడ చేరామో ఆ న్యాయవాదికి ఆస్తి కేసులంటే మక్కువ. అందుకే నేరస్థుల ఆస్తుల జప్తు విషయంలో యూరప్ నడిచిన దారిని ఈ సాయంత్రానికి ఎంచుకున్నాను.

సిసిలీ నుంచి మొదలుపెడతాను. నాయకుణ్ణి జైల్లో పెట్టినా డబ్బు బయటే ఉంటే మాఫియా చావదని ఇటలీ పార్లమెంటు సభ్యుడు పియో లా తోరె పట్టుబట్టాడు. 1982 ఏప్రిల్ 30న పలెర్మోలో ఆయన్ను కాల్చి చంపారు. సెప్టెంబరు 3న అదే ఊళ్లో, ప్రిఫెక్టుగా వచ్చిన జనరల్ దల్లా కియేజానూ చంపారు. సరిగ్గా పది రోజులకు లా తోరె కోరిన చట్టం వచ్చింది. మాఫియాతో సంబంధం ఉందని అనుమానించదగ్గవాడు ఆస్తికి సక్రమమైన మూలం చూపలేకపోతే, ఫలానా నేరం రుజువు కాకపోయినా జప్తు చేయవచ్చు. 1996లో డబ్లిన్‌లో పాత్రికేయురాలు వెరోనికా గెరిన్ హత్య జరిగాక ఐర్లండూ ఆ బాటే పట్టింది. అక్కడ ఈ వ్యవహారాన్ని సివిల్ కోర్టుకు అప్పగించారు.

ఈ చట్టాలు హత్యల వేడిలో పుట్టినవి. వాటి హద్దులు తేల్చే పని స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం మీద పడింది.

ఒక్క కేసును దగ్గరగా చూద్దాం. బ్రిటన్‌లో ఒకతన్ని మత్తుమందుల కేసులో 1986 నవంబరులో అరెస్టు చేశారు. జప్తు నిబంధనలు అమల్లోకి వచ్చింది 1987 జనవరిలో. 1988లో జైలుశిక్షతో పాటు దాదాపు 67 వేల పౌండ్లు కట్టమన్నారు. కట్టకపోతే ఇంకో రెండేళ్ల జైలు. ఇది శిక్ష కాదు, అక్రమార్జనను వెనక్కి తీసుకోవడమేనని ప్రభుత్వం వాదించింది. 1995లో స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానం ఒప్పుకోలేదు. గత ఆరేళ్లలో అతని చేతికొచ్చిన ఆస్తంతా మత్తుమందు సొమ్మేనని చట్టం ఊహిస్తోంది. లాభం కాదు, మొత్తం రాబడి లెక్కేస్తోంది. కట్టకపోతే జైలు. ఇన్ని ఉన్నాక అది శిక్షే, శిక్షను వెనక తేదీతో వేయకూడదు అంది.

అలాగని ఊహలన్నిటినీ కొట్టేయలేదు. దోషం రుజువయ్యాక, కాదని చూపే అవకాశం నిందితుడికి ఉంటే అలాంటి ఊహ చెల్లుతుందని 2001లో చెప్పింది. నిర్దోషిగా విడుదలైన ఆరోపణల మీద సొమ్ము లాగడం కుదరదని 2007లో నెదర్లాండ్స్‌కు చెప్పింది. ఇటలీ నుంచి వచ్చిన ఒక కేసు ఇంకా చిన్నగా కనిపిస్తుంది: జప్తు రద్దయ్యాక కూడా భూమి రికార్డుల్లోంచి జప్తు ఎంట్రీని నెలల తరబడి తీసెయ్యలేదు. అదీ ఆస్తిహక్కు భంగమేనని 1994లో తేల్చారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు ఆ తీర్పు విలువ వేరే చెప్పక్కర్లేదు.

2024 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ కొత్త ఆదేశం తెచ్చింది. ముఠా నేరాల నుంచి వచ్చిందని కోర్టుకు నమ్మకం కుదిరితే, శిక్ష పడకపోయినా, లెక్క చెప్పలేని సంపదను జప్తు చేయవచ్చు. దీన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి సభ్యదేశాలకు గడువు 2026 నవంబరు.

ముఠా పెద్దలు సాధారణంగా ఆస్తులు తమ పేరిట ఉంచుకోరు. కోర్టు గుమ్మం ఎక్కేది భార్య, బావమరిది, అప్పిచ్చినవాడు, తెలియక కొన్నవాడు. వీళ్లలో బినామీ ఎవరో, అమాయకుడెవరో విచారణలోనే తేలాలి. నోటీసు వాళ్లకు అందిందా, లాయరు దొరికాడా, ఆస్తి పాడుబడకముందే కేసు తేలిందా అన్నవాటితోనే ఆ దేశాల చట్టాలను నేను తూకం వేస్తాను. జప్తు చేసిన కోట్ల లెక్క ఆ తర్వాతి మాట.